వెయ్యి డాలర్లలో దూరపు గురి: పాయింట్ 22 రైఫిల్ ఎంపిక, అమరిక, సాధన

దూరపు లక్ష్యాలను కొట్టడం నేర్చుకోవాలన్న కోరికతో టెక్సాస్‌లో తుపాకీ సాధన చేసే ఏ పెద్ద రేంజికి వెళ్లినా ముందుగా కంటబడేవి 6.5 క్రీడ్‌మూర్ వంటి పెద్ద తూటాలను పేల్చే రైఫిళ్లు, వాటి మీద రైఫిల్ కన్నా ఎక్కువ ఖరీదు చేసే స్కోపులు, అంటే గురి చూసే దుర్భిణీలు. అన్నీ కలిపి నాలుగైదు వేల డాలర్లు దాటే ఆ సరంజామాను చూసి, ఇది మన జేబుకు అందే ఆట కాదని వెనుదిరిగిన వారిలో నేనూ ఒకణ్ణి. రెండేళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు నేను ఎంచుకున్నది పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాను. 1887 నుంచి వాడుకలో ఉన్న ఈ చిన్న తూటాతో, మొత్తం ఖర్చును వెయ్యి డాలర్ల దగ్గర ఆపి, గాలి మరీ అల్లరి పెట్టని రోజున 200 గజాల దూరంలోని ఆరంగుళాల ఇనుప పలకను కొట్టగలిగే రైఫిల్‌ను ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను. సమకూర్చుకోవడం అంటే లేత్ మీద బ్యారెల్ చెక్కడం అని అర్థం కాదు. దుకాణంలో చట్టబద్ధంగా కొన్న ఫ్యాక్టరీ రైఫిల్‌కు తగిన స్కోపును సరిగ్గా బిగించి, మన ఒంటికి నప్పేలా మార్చి, దానికి నచ్చే తూటాను వెతికి పట్టడమే ఇందులోని అసలు పని.

ఈ తూటానే ఎందుకు ఎంచుకోవాలన్నది ముందు తేల్చుకోవాలి. పెద్ద తూటాలలో పోటీలకు పనికివచ్చే రకం ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి రెండు డాలర్లకు పైగా పడుతుంది. పాయింట్ 22లో మంచి రకం తూటాకు పదిహేను, ఇరవై సెంట్లు చాలు. అయితే ధర ఒక్కటే కారణం కాదు. 40 గ్రెయిన్ల (సుమారు రెండున్నర గ్రాముల) బరువున్న సీసపు గుండు సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో బయలుదేరి, 200 గజాలు వెళ్లేసరికి అర సెకను దాటిపోతుంది. ఆ లోపల అది ఎంత కిందికి జారుతుందంటే, 50 గజాల దగ్గర గురి సరిచేసిన రైఫిల్‌కు 200 గజాల దగ్గర దాదాపు 7 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) పైకి సవరణ ఇవ్వాలి. 100 గజాల దగ్గర గురి సరిచేసిన 6.5 క్రీడ్‌మూర్‌కు అంతే సవరణ అవసరమయ్యేది సుమారు 900 గజాల దగ్గర. గాలి తోసే తోపు కూడా మిల్ లెక్కలో ఆ రెండింటిలో ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఊరి దగ్గర ఉన్న 200 గజాల రేంజిలోనే, పదో వంతు ఖర్చుతో, 900 గజాల పాఠం చదువుకోవచ్చు. చిన్న తూటా కదా అని తేలికగా చూడవలసిన పని లేదు; ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలో పేల్చేది దీనినే, అక్కడ పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. 2024 పారిస్ క్రీడలలో స్వప్నిల్ కుసాలే సాధించిన కాంస్యం ఈ తూటాతో వచ్చినదే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012లో లండన్‌లో పతకం తెచ్చింది గాలి తుపాకీ అయినా, 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని పేల్చే) పోటీలో ఆయన పట్టింది కూడా పాయింట్ 22 రైఫిల్‌నే.

డబ్బు లెక్కకు ముందు చట్టం సంగతి. అమెరికాలో కొత్త రైఫిల్‌ను లైసెన్సు ఉన్న డీలరు దగ్గర 4473 ఫారం నింపి, సాధారణంగా నేర చరిత్ర తనిఖీ పూర్తయిన తరువాతే తీసుకోవాలి. మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా అది కలిగి ఉండడం కిందికే వస్తుంది. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని, అవి తమకు వర్తిస్తాయో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. స్నేహితుడి కోసం అతని బదులు మన పేరు మీద కొనడం ఫెడరల్ నేరం. ‘నువ్వు కొను, నేను డబ్బిస్తాను’ అన్న మాటకు తావే ఉండకూడదు. రాష్ట్రాల నిబంధనలు వీటికి అదనం. భారతదేశంలో ఉన్నవారికి దారి వేరు: అక్కడ పాయింట్ 22 రైఫిల్ 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు అవసరమైన ఆయుధం కనుక, రైఫిల్ సంఘం ద్వారా, 10 మీటర్ల గాలి తుపాకీతో మొదలుపెట్టడమే సులువు.

వెయ్యి డాలర్లను ఎలా పంచుకోవాలన్న విషయంలో కొత్తవారందరూ చేసే పొరపాటు ఒకటే: ముప్పాతిక సొమ్ము రైఫిల్‌కు పెట్టి, మిగిలిన దానితో ఏదో ఒక స్కోపు, ఏవో కొన్ని తూటాలు కొంటారు. నా లెక్క దీనికి తలకిందులు. రైఫిల్‌కు 400, స్కోపుకు 350, స్కోపును రైఫిల్‌కు బిగించే పట్టాకు, రింగులకు కలిపి 80, ముందు ఆనించే రెండు కాళ్ల బైపాడ్‌కు, వెనుక ఆనించే సంచికి కలిపి మరో 70 పోగా, మిగిలిన వంద మొదటి విడత తూటాలకు ఉంచాలి. ఇవి అటూ ఇటూ మారే ధరలే గాని, నిష్పత్తి మాత్రం మారకూడదు. తక్కువ ధర రైఫిల్ మీద మంచి స్కోపు ఉంటే పొరపాటు ఎవరిదో తెలుస్తుంది. మంచి రైఫిల్ మీద చవక స్కోపు పెడితే తప్పు రైఫిల్‌దో, స్కోపుదో, గాలిదో, మనదో ఎప్పటికీ తేలదు.

రైఫిల్ బోల్టు రకానిదై, అంటే ప్రతి తూటాకూ బోల్టును చేత్తో తెరిచి మూసేదై ఉండాలి. తనంతట తాను తూటా మార్చుకునే రకం సరదాగా ఉంటుంది గాని, ఈ ధరలో బోల్టు రైఫిల్ చూపే నిలకడ దానికి రాదు. లావుపాటి బ్యారెల్ ఉన్న శావేజ్ మార్క్ టూ, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ టార్గెట్ మన లెక్కలో సరిపోయేవి. మరో 150 నుంచి 200 డాలర్లు పెట్టగలిగితే చెక్ దేశపు సీజెడ్ 457, ఫిన్లండ్‌లో తయారయ్యే టిక్కా టీ1ఎక్స్ అందుబాటులోకి వస్తాయి. వీటి బోల్టు నడక, ట్రిగ్గర్ విడుపు ఒక్కసారి చూసినవారికి ఆ తేడా ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. సీజెడ్ 457లో ఇంకో సౌలభ్యం ఏమిటంటే, బ్యారెల్‌ను రెండు చిన్న మరలు పట్టి ఉంచుతాయి కనుక, మున్ముందు మెరుగైన బ్యారెల్ కొనదలిస్తే రైఫిల్ మొత్తం మార్చుకోనక్కరలేదు. పాత రైఫిల్ కొనేటప్పుడు బ్యారెల్ మూతి అంచును భూతద్దంతో చూడండి. గుండు చివరిసారిగా తాకి వదిలే చోటు అదే కనుక, అక్కడ చిన్న నొక్కు ఉన్నా ప్రతి గుండూ ఆ నొక్కు చెప్పిన పక్కకే తిరుగుతుంది.

ఈ ధరలో వచ్చే స్టాకులు, అంటే రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే దిమ్మెలు, చాలావరకు పలుచని ప్లాస్టిక్‌వి. బైపాడ్ మీద బరువు వేస్తే స్టాకు ముందు భాగం వంగి బ్యారెల్‌ను తాకుతుంది, తాకిన ప్రతిసారీ గురి తప్పుతుంది. ఒక కాగితాన్ని మడిచి బ్యారెల్ కింద నుంచి లాగితే అది ఎక్కడా పట్టకుండా రావాలి. పడితే ఆ చోట ప్లాస్టిక్‌ను ఉప్పుకాగితంతో కొద్దికొద్దిగా అరగదీయవచ్చు. రెండో లోపం చెంప ఎత్తు. పెద్ద స్కోపు పెట్టాక కన్ను దాని మధ్యకు రావాలంటే తల గాలిలో నిలపవలసి వస్తుంది, అలా నిలిపిన తల ప్రతిసారీ ఒకే చోట ఉండదు. దీనికి నేను చేసిన వైద్యం చాలా నాటు: పాత యోగా చాపను నాలుగు ముక్కలుగా కోసి, మెట్లు మెట్లుగా పేర్చి, పశువుల కాళ్లకు చుట్టే అతుక్కునే గుడ్డ పట్టీతో బిగించాను. మొత్తం ఖర్చు ఆరు డాలర్లు. కళ్లు మూసుకుని రైఫిల్ మీద చెంప ఆనించి, కళ్లు తెరిచినప్పుడు స్కోపులో నల్లటి అంచు ఏ వైపూ కనబడకుండా నిండు వలయం కనిపిస్తే ఎత్తు సరిపోయినట్టే. ట్రిగ్గర్ బరువును, అంటే దాన్ని లాగడానికి కావలసిన బలాన్ని, తగ్గించుకునే ఏర్పాటు శావేజ్, రూగర్‌లలో కంపెనీయే ఇస్తుంది. ఆ పరిధిని దాటి స్ప్రింగులు కోయడం వంటి పనులకు పోకూడదు. సర్దిన తరువాత, రైఫిల్ పూర్తిగా ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్టు మూసి, సేఫ్టీ తీసి, స్టాకు వెనుక భాగాన్ని రబ్బరు సుత్తితో తట్టి చూడండి. ఆ తాకిడికే ట్రిగ్గర్ విడిచిందంటే అది ప్రమాదకరమైన అమరిక, వెంటనే బరువు పెంచాలి.

స్కోపు ఎంపికలో జూమ్ ఎంత అన్న దాని కన్నా మూడు విషయాలు ముఖ్యం. మొదటిది, టరెట్ (గురి సవరించడానికి స్కోపు మీద తిప్పే గుబ్బ) మీద చెప్పిన సవరణ నిజంగా జరగాలి, తిరిగి సున్నాకు తెస్తే సున్నాకే రావాలి. రెండవది, పారలాక్స్‌ను 25 గజాలకో అంతకన్నా దగ్గరకో సర్దగలగాలి. పెద్ద తూటాల కోసం చేసిన చవక స్కోపులు చాలావరకు 100 గజాలకు స్థిరపరిచి ఉంటాయి, వాటితో దగ్గరి లక్ష్యాన్ని చూస్తే కన్ను కాస్త కదిలినా గురి కదిలినట్టు కనిపిస్తుంది. మూడవది, లోపలి గుర్తులు మొదటి ఫోకల్ ప్లేన్‌లో ఉండాలి, అప్పుడు జూమ్ ఎంత పెట్టినా గుర్తుల విలువ మారదు. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్, అథ్లాన్ ఆర్గోస్ రకాలలో 6 నుంచి 24 రెట్ల జూమ్ ఉన్నవి ఈ మూడింటినీ తీర్చి, 350 నుంచి 450 డాలర్ల మధ్య, పండుగ తగ్గింపులలో ఇంకా కిందికి దొరుకుతాయి. కొలతగా మిల్ తీసుకోవాలా, మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) తీసుకోవాలా అన్న వాదనలోకి నేను దిగను. మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. మెట్రిక్ పద్ధతిలో చదువుకున్న మనకు అదే సుఖం. టరెట్, లోపలి గుర్తులు రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు.

స్కోపు కింద వాడే పట్టా ముందుకు 20 మినిట్లు వాలి ఉండాలి. దీని లెక్క చూపిస్తాను. స్కోపులో మొత్తం సవరణ 19 మిల్ అనుకుందాం. మామూలు పట్టా మీద గురి సరిచేస్తే దాదాపు సగం, అంటే తొమ్మిది చిల్లర మాత్రమే పైకి మిగులుతుంది, మిగిలిన సగం ఎన్నడూ ఉపయోగపడని కింది వైపు వృథాగా ఉంటుంది. 20 మినిట్లు అంటే 5.8 మిల్ కనుక, వాలు పట్టా వేస్తే పైకి దాదాపు 15 మిల్ చేతికి వస్తుంది. 200 గజాలకు 7 చాలు. ఏదో ఒక రోజు 300 గజాలకు పోవాలనిపిస్తే 13 దాకా కావాలి. ముప్పై నలభై డాలర్ల పట్టా ఆ తలుపు తెరిచి ఉంచుతుంది.

ఇక బిగింపు. ఈ పనిలో తొందర పడకూడదని నాకు తెలిసింది డబ్బు పోయాక. మొదటి రైఫిల్‌కు స్కోపును నేనే చేతి అంచనాతో బిగించాను. మూడో వారం నుంచి గుండ్లు ఒకసారి కుడికి, ఒకసారి పైకి పోసాగాయి. తూటాలు మార్చాను, ఊపిరి పట్టే తీరు మార్చాను, నాలుగు డబ్బాలు, అంటే రెండు వందల తూటాలు ఖర్చు చేశాను. చివరికి స్కోపును పట్టుకుని గట్టిగా కదిపితే పట్టా వెనుక మర పావు చుట్టు వదులుగా తిరిగింది. అప్పటి నుంచి బిగింపు బలాన్ని ఇంచ్-పౌండ్లలో చూపే టార్క్ రెంచ్ లేకుండా మర ముట్టుకోను. పట్టా మరల నూనెను స్పిరిట్‌తో తుడిచి, మర వదులు కాకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక్కో చుక్క వేసి, తయారీదారు చెప్పిన కొలతకు బిగించాలి. రింగుల మీది మూతలకు చాలావరకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు సరిపోతాయి. అంతకు మించితే స్కోపు గొట్టం నొక్కుకుని లోపలి కదలిక బిగుసుకుంటుంది. మరలను ఒకటి పూర్తిగా, తరువాత ఇంకొకటి అని కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి.

స్కోపు నిలువు కూడా అంతే ముఖ్యం. రైఫిల్‌ను బల్ల మీద పెట్టి, పట్టా మీద రసమట్టం ఉంచి సమంగా చేయండి. పాతిక గజాల దూరంలో ఒక గోడకో చెట్టుకో తాపీ మేస్త్రీలు నిలువు చూసుకునే గుండుదారాన్ని వేలాడదీయండి. స్కోపులో నుంచి చూస్తూ, లోపలి నిలువు గీత ఆ దారం మీద కచ్చితంగా కూర్చునేదాకా గొట్టాన్ని తిప్పి, అప్పుడు మూతలు బిగించండి. బిగించేటప్పుడు గొట్టం వెంట్రుకవాసి తిరుగుతుంది, కనుక చివర్లో మళ్లీ చూసుకోవాలి. ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది గాని, 7 మిల్ సవరణతో పేల్చేటప్పుడు రైఫిల్ 3 డిగ్రీలు పక్కకు ఒరిగితే గుండు మూడు నాలుగు అంగుళాలు పక్కకు పోతుంది. ఆరంగుళాల పలక మధ్య నుంచి మూడంగుళాలు అంటే అంచే. అందుకే స్కోపు మీద బిగించే పదిహేను డాలర్ల చిన్న రసమట్టాన్ని నేను విలాసంగా లెక్కించను.

స్కోపు చెప్పిన మాట నిలబెట్టుకుంటుందో లేదో పరీక్షించడానికి, పొడవాటి అట్ట మీద గుండుదారం సాయంతో నిలువు గీత గీసి, 100 గజాల దగ్గర పెట్టండి. అడుగున ఉన్న చుక్కకు గురిపెట్టి, ఏ సవరణా లేకుండా అయిదు గుండ్లు, టరెట్‌ను 8 మిల్ పైకి తిప్పి అదే చుక్కకు గురిపెట్టి మరో అయిదు పేల్చాలి. రెండు గుంపుల మధ్య దూరం 28.8 అంగుళాలు రావాలి, పై గుంపు గీత మీదే ఉండాలి. 28 మాత్రమే వస్తే స్కోపు దాదాపు మూడు శాతం తక్కువగా కదులుతోందన్నమాట. ఆ సంఖ్యను గుండు జారుడును లెక్కగట్టే ఫోన్ యాప్‌లో వేసుకుంటే సరిపోతుంది. గీత నుంచి పక్కకు జరిగితే మాత్రం బిగింపు మళ్లీ చేయాలి.

తూటాల విషయానికి వస్తే, ఈ ఆటలో ఎక్కువ చెప్పుకోవలసినది ఇదే. పెద్ద తూటాలు పేల్చేవారు మందు, గుండు తూచుకుని స్వయంగా నింపుకుంటారు; పాయింట్ 22లో ఆ అవకాశం లేదు, ఫ్యాక్టరీ ఇచ్చినదే తినాలి. రైఫిళ్లకు కూడా నాలుక ఉంటుందనిపిస్తుంది. పక్కవాడి రైఫిల్‌లో చుక్క మీద చుక్క పెట్టిన తూటా మన దానిలో చెల్లాచెదురవుతుంది. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, ఎస్‌కె స్టాండర్డ్ ప్లస్, ఎస్‌కె రైఫిల్ మ్యాచ్, లాపువా సెంటర్-ఎక్స్ వంటి నాలుగైదు రకాలను ఒక్కో డబ్బా కొని పరీక్షించండి. ఒక రకం నుంచి మరొక రకానికి మారినప్పుడు మొదటి పది పదిహేను గుండ్లను లెక్కలోకి తీసుకోకూడదు. ఈ గుండ్లకు పూసిన మైనం వంటి కందెన ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, బ్యారెల్ కొత్త పూతకు అలవాటు పడేదాకా గుండ్లు కుదురుకోవు. 50 గజాల దగ్గర అయిదేసి గుండ్ల గుంపులు ఆరు పేల్చి, ఆరింటి సగటు చూడాలి. జేబులో పెట్టుకుని తిరిగే ఒక్క మంచి గుంపు అదృష్టం. ఆరింటి సగటు రైఫిల్ స్వభావం. సగటు అర అంగుళం దగ్గర వస్తే ఈ ధరలో సంతోషించవలసిన విషయమే.

అయితే 50 గజాల దగ్గర ముద్దుగా కనిపించిన తూటా 200 గజాల దగ్గర నిలువునా సాగిపోవచ్చు. దీనికి కారణం వేగంలో తేడాలు. ఒకే డబ్బాలోని రెండు తూటాల మధ్య సెకనుకు 50 అడుగుల తేడా ఉంటే, 200 గజాల దగ్గర ఆ రెండూ ఆరంగుళాల ఎడంతో పడతాయి. అదే తేడా 20 అడుగులకు దిగితే ఎడం రెండున్నర అంగుళాలకు తగ్గుతుంది. ఖరీదైన తూటాకు మనం ఇచ్చే అదనపు డబ్బు ప్రధానంగా ఈ సమానత్వానికే. అందువల్ల నేను దగ్గరి సాధనకు చవక రకం, 150 గజాలు దాటితే మాత్రమే మంచి రకం వాడతాను. నచ్చిన రకం దొరికాక, డబ్బా అంచున ముద్రించిన లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) సంఖ్యను రాసుకుని, అదే లాట్‌లో వీలైనన్ని కొనడం మేలు. అదే పేరుతో వచ్చే తరువాతి లాట్ వేరే తూటాలా ప్రవర్తించినా ఆశ్చర్యపోనక్కరలేదు.

డబ్బా మీద ‘హై వెలాసిటీ’ అని చూసి మోసపోవద్దు. మామూలు వాతావరణంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. 1,235 అడుగుల వేగంతో బయలుదేరిన గుండు కొద్ది దూరంలోనే ధ్వని వేగం కిందికి దిగుతుంది, ఆ దాటే చోట గాలి నిరోధం ఎక్కువగా ఉండి, అది ఎక్కువ వేగం కోల్పోతుంది. గాలి తోపు గుండు ప్రయాణించిన సమయాన్ని బట్టి కాక, నిరోధం వల్ల అది ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి ఉంటుంది కనుక, వేగంగా బయలుదేరిన గుండే పక్కగాలికి ఎక్కువ జరుగుతుంది. మొదట విన్నప్పుడు నేనూ నమ్మలేదు, రెండు డబ్బాలు పక్కపక్కన పేల్చి చూసుకున్నాను.

గురి సరిచేయడం 50 గజాల దగ్గర చేసి, టరెట్‌ను సున్నాకు తిప్పి బిగించుకోవాలి. తరువాత యాప్‌లో గుండు బరువు, వేగం, స్కోపు ఎత్తు, ఉష్ణోగ్రత ఇస్తే ప్రతి దూరానికి సవరణ చెబుతుంది. మామూలు వేగపు తూటాకు 100 గజాలకు సుమారు 1.9, 150కి నాలుగుంబావు, 200కి ఏడు మిల్ దగ్గర వస్తుంది. ఇవి మొదటి అంచనాలే. వేగం కొలిచే యంత్రానికి కొన్ని వందల డాలర్లు పెట్టనక్కరలేదు. 200 గజాల దగ్గర తెల్ల రంగు వేసిన పెద్ద అట్ట మీద పది గుండ్లు పేల్చి, గుంపు మధ్య ఎక్కడ పడిందో చూసి, యాప్‌లోని వేగాన్ని అందుకు తగినట్టు సవరిస్తే చాలు. జనవరి ఉదయాన ఈ తూటా వేగం తగ్గుతుంది, కనుక చలికాలపు సంఖ్యలను వేరే పేజీలో రాసుకోండి.

గాలి చదవడం మాత్రం ఏ యాప్ నేర్పదు. గంటకు 10 మైళ్ల నిండు పక్కగాలి 100 గజాల దగ్గర గుండును సుమారు నాలుగు అంగుళాలు తోస్తే, 200 గజాల దగ్గర పదమూడు అంగుళాలు తోస్తుంది. దూరం రెట్టింపైతే తోపు మూడు రెట్లు దాటడం గమనించండి. రేంజి వారి అనుమతితో, పుల్లలకు కట్టిన పలుచని ప్లాస్టిక్ రిబ్బన్లను 50, 100, 150 గజాల దగ్గర నాటితే, మన దగ్గర వీచే గాలి, లక్ష్యం దగ్గర వీచే గాలి ఒకటి కావని పది నిమిషాల్లో అర్థమవుతుంది. వేసవిలో రిబ్బన్ల అవసరం కూడా ఉండదు, ఎండమావులే చెబుతాయి. స్కోపు ఫోకస్‌ను లక్ష్యానికి కాస్త ఇవతలకు తెస్తే వేడి గాలి పొరలు నీటి పాయలా పారడం కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి ఆ పాయ ఏటవాలుగా లేస్తుంటే తేలికపాటి గాలి, నేలకు సమాంతరంగా పరుగెడుతుంటే గట్టి గాలి, ఎసరు మరిగినట్టు నిట్టనిలువునా పైకి ఉడుకుతుంటే గాలి ఆగిపోయిందనో, లేదా సూటిగా మన వైపో లక్ష్యం వైపో తిరిగిందనో అర్థం. ఆ ఉడుకును చూసి గాలి లేదని సంబరపడి పేల్చడం పొరపాటు. ఎక్కువసార్లు అది గాలి దిక్కు మార్చుకునే క్షణం. పాయ మళ్లీ ఒక వైపు పారేదాకా వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి ఆగడం ఉత్తమం.

ఆ వేలి సంగతి ఎలాగూ వచ్చింది కనుక చెబుతున్నాను. చిన్న తూటా అన్న చులకన ఈ ఆటలో అన్నిటికన్నా ప్రమాదకరం. తగిన కోణంలో పేలిన ఈ గుండు మైలు దాటి పోగలదు, రాతి మీద పడితే ఏ దిక్కుకైనా ఎగురుతుంది. వెనుక మట్టికట్ట లేని చోట పేల్చకూడదు. ముందు మనుషులు ఉన్నప్పుడు రైఫిల్‌ను ముట్టకూడదు, బోల్టు తెరిచి చాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) రంగు జెండా పెట్టి దూరంగా నిలబడాలి. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. సీసపు పొడి చేతులకు అంటుతుంది కనుక, బల్ల మీద జంతికల పొట్లం విప్పి పేల్చుకుంటూ తినే అలవాటు ఉన్నవారు మానుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి. ఇంట్లో రైఫిల్ తాళం వేసిన ఉక్కు పెట్టెలో, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. పిల్లలకు కనబడని చోట దాచాను అనుకోవడం భద్రత కాదు, పిల్లలకు కనబడని చోటు ఏ ఇంట్లోనూ లేదు.

శుభ్రం చేయడం గురించి అడిగేవారు ఎక్కువ, చేయవలసింది తక్కువ. రాగి తొడుగు లేని మెత్తని సీసం కనుక బ్యారెల్ త్వరగా అరగదు. అడ్డదిడ్డంగా దూర్చిన కడ్డీ వల్ల పాడయ్యే బ్యారెళ్లే ఎక్కువ. నేను రెండు మూడు వందల గుండ్లకు ఒకసారి, చాంబర్ ముందు గట్టిపడే మసి వలయాన్ని మాత్రం ద్రావకంతో నానబెట్టి తీసి, బ్యారెల్‌లో వెనుక నుంచి ముందుకు రెండు తడి గుడ్డలు, మూడు పొడి గుడ్డలు పంపి ఊరుకుంటాను. ఆ తరువాత పదిహేను గుండ్లదాకా గుంపు చూడను.

రెండు నెలల సాధన తరువాత దగ్గరలోని క్లబ్బులో పాయింట్ 22 రైఫిళ్లకు జరిగే ఎన్‌ఆర్‌ఎల్22 నెలవారీ పోటీకి పేరు ఇవ్వండి. దేశమంతటా క్లబ్బులు ఒక్కో నెలకు ఒకే పోటీ క్రమాన్ని పాటిస్తాయి, దూరం 100 గజాలు దాటదు, రైఫిల్, స్కోపు కలిపి ఒక ధర పరిమితి దాటని వారికి బేస్ క్లాస్ అనే ప్రత్యేక విభాగం ఉంది. మన సరంజామా అందులోకే వస్తుంది. బల్ల మీద పడుకుని సాధించిన అర అంగుళపు గుంపు, నిచ్చెన మెట్టు మీదా కుర్చీ వెనుకా రైఫిల్ ఆనించి, గడియారం పరుగెడుతుండగా పేల్చినప్పుడు ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. నా మొదటి పోటీలో పలకలు తప్పినవే ఎక్కువ, అందులో మూడు రైఫిల్‌లో తూటా పెట్టడం మరిచిపోయి పోగొట్టుకున్నవి.